చుట్టి గోడకి నిలబెట్టిన రోడ్డు

పెదవేములంకలో మోటారు సైకిలుకు టైరు కొనేవాళ్లు, అది రోడ్డును ఎంత దూరం ఊడదీసుకుని ఇంటికి తెస్తుందో దుకాణంలోనే అడిగి తెలుసుకోవడం రివాజు. మెత్తరబ్బరు టైరైతే రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. ఇంటికి చేరేసరికి నాలుగైదు బారల తారు బండి వెనకాలే వస్తుంది. గట్టిరబ్బరు టైరుకు ఆ గొడవ లేదు. టైరు పదేళ్లు మన్నుతుంది, రోడ్డు ఉన్నచోటే ఉంటుంది, నడిపేవాడు కూడా అప్పుడప్పుడూ రోడ్డు మీదే ఉండిపోతాడు. మొదటిదాన్ని పట్టు టైరనీ, రెండోదాన్ని మన్నిక టైరనీ అంటారు. ఊళ్లో ఎక్కువమంది మన్నిక టైరే కొనేవారు. రెండేళ్లకోసారి కొత్త టైరు కొనడంకన్నా మోకాలికి కట్టు కట్టించుకోవడం చవక.

ఊడిన రోడ్ల విషయంలో ఊరికి పెద్ద ఫిర్యాదులేమీ ఉండేవి కావు. గుమ్మం ముందు తారు పడి ఉంటే కొందరు దానిమీద ధాన్యం ఆరబోసుకునేవారు, కొందరు వడియాలు పెట్టుకునేవారు. నల్లటిది కదా, ఒక్క ఎండకే గలగలా ఎండేవి. రోడ్ల శాఖవాళ్లు వీలు చిక్కినప్పుడు వచ్చి ఆ ముక్కలు పట్టుకుపోయి ఎక్కడో ఒకచోట అతికించేవారు. ఏ ముక్క ఏ రోడ్డుదో ఒక్కోసారి వాళ్లకూ తెలిసేది కాదు. అందుకే సంతవీధి మధ్యలో ‘ముందు రైల్వే గేటు ఉంది’ అని తెల్లటి అక్షరాలు కనిపించేవి. ఆ ఊరికి రైలు లేదు. అయినా కొత్తవాళ్లు అక్కడ బండి ఆపి రెండు పక్కలా చూసుకుని మరీ వెళ్లేవారు.

ఈ ఊళ్లో గుత్తుల దొరబాబు కరెంటు మీటర్లు చూసి బిల్లులిచ్చే ఉద్యోగి. ఆయన భార్య మంగతాయారు కాలవ అవతల చింతలలంకలో అంగన్‌వాడీ టీచరు. పెళ్లయిన దగ్గర్నుంచీ పొద్దున్నే ఆవిడను బండి మీద దింపడం, సాయంత్రం తీసుకురావడం దొరబాబు పని. వెనక కూర్చుని, ఎడమ చెయ్యి ఆయన భుజం మీద వేసి, ఆవిడ ఊరి సంగతులన్నీ చెవిలో చెప్పేది. ఎవరి గేదె ఈనింది, ఎవరి కోడలు అలిగింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, మళ్లీ ఎందుకు మొదలుపెట్టారు. దొరబాబు ఇంటింటికీ తిరిగే మనిషే గాని మీటరు తప్ప ఇంకేమీ చూడని స్వభావం. లోకంలో ఏం జరుగుతోందో ఆయనకు తెలిసేది ఆ భుజం మీదుగానే.

కిందటి వర్షాకాలంలో మొండితూము మలుపు దగ్గర బండి జారింది. ట్రాక్టరు చక్రాలు మోసుకొచ్చిన చేలోని బురద రోడ్డంతా పరుచుకుని ఉంది. బండికున్నవి మన్నిక టైర్లు. బండి ఒక పక్కకు పడింది, దొరబాబు రెండో పక్కకు పడ్డాడు, తాయారు మాత్రం కూర్చున్న భంగిమలోనే కొంతదూరం జారుకుంటూ వెళ్లి ఆగింది. ఒళ్లో ఉన్న అట్టలో పిల్లలకని తీసుకెళ్తున్న గుడ్లు ఒక్కటీ మిగల్లేదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆవిడ లేచి, చీర దులుపుకుని, ఒక్క మాటైనా అనకుండా నడిచింది. ఏదో ఒకటి అని ఉంటే దొరబాబుకు అంత భయం వేసేది కాదు. మర్నాడు తాయారు షేరు ఆటో ఎక్కి వెళ్లింది. ఆ తర్వాత రోజూ ఆటోనే.

తన చెవిలో పడవలసిన కబుర్లన్నీ ఆటోవాడు వింటున్నాడన్న ఆలోచనతో దొరబాబుకు అన్నం సహించేది కాదు. ఎడమ భుజం మీద బరువు లేకపోయేసరికి బండి కుడిపక్కకు లాగుతున్నట్టుండేది. మెకానిక్కుకు చూపిస్తే బండి భేషుగ్గా ఉందన్నాడు. ఇలా ఉండగా ఎదురింటి కనకం గారి గేదె చనిపోయింది. ఆ సంగతి వారం తర్వాత, అదీ కనకం గారి మీటరు దగ్గర నిలబడి, కనకం గారి నోటివెంటే వినవలసి వచ్చింది. అప్పుడిక దొరబాబు టైర్లు మార్చక తప్పదని నిశ్చయించుకున్నాడు.

టైర్ల దుకాణం గౌస్‌ది. ఊళ్లో సగం మంది మోకాళ్ల సంగతి డాక్టరుకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు.

“పట్టుదాండి, మన్నికదాండి?” అన్నాడు గౌస్, దొరబాబు ఇంకా స్టాండు వెయ్యకముందే.

“రెండూ ఉన్నది లేదా?”

“అవ్వా కావాలి, బువ్వా కావాలంటే ఎలాగండి? పెళ్లి సంబంధాల్లోనే దొరకట్లేదు, టైర్లలో ఎక్కడ దొరుకుద్ది?” గౌస్ గోడకు వేలాడుతున్న రెండు టైర్లు దించి ఆయన ముందు పెట్టాడు. “బొటనేలి గోరుతో నొక్కండి. గోరు దిగితే పట్టు. గోరు విరిగితే మన్నిక.”

దొరబాబు రెండూ నొక్కాడు. మొదటిదాంట్లో గోరు దిగింది. రెండోదాన్ని నొక్కాక వేలు నోట్లో పెట్టుకున్నాడు.

“ఈ గాట్లు చూడండి,” అన్నాడు గౌస్, మెత్తటి టైరును ఒళ్లో పెట్టుకుని. “నీళ్లు పక్కకి పోడానికి. ఇంత లోతున్నాయి కాబట్టి బురదలో కూడా జారదు. కాపోతే మెత్తది కదండీ, రెండేళ్లకి బోడిగుండైపోద్ది. మామూలుగా ముందు చక్రానికి పట్టు, వెనక చక్రానికి మన్నిక ఎయ్యమని చెప్తాను. వెనకాల ఎవరు కూచుంటారండి?”

“మా ఆవిడ,” అన్నాడు దొరబాబు. వెనక సీటు మీది దుమ్ము దులిపి, “ఇప్పుడు కూచోట్లేదు,” అన్నాడు.

గౌస్ ఇలాంటి కేసులు చాలా చూశాడు. “అయితే రెండూ పట్టువే ఎయ్యండి,” అన్నాడు. “రోడ్డుదేముందండి. పోతే ఇంకోటి ఏస్తారు.”

బిగించిన టైర్లకు పసుపూ కుంకుమా పెట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ ఉంచి బండిని కదిపారు. నిమ్మకాయ చితకలేదు. టైరుకు అంటుకుని చక్రంతోపాటు తిరుగుతూ వెళ్లిపోయింది. “పట్టంటే అదండి,” అన్నాడు గౌస్.

సాయంత్రం తుంపర పడుతోంది. తాయారు అంగన్‌వాడీకి తాళం వేసి వచ్చేసరికి ఆటో ఆగి ఉంది. దొరబాబు దాని ముందుకు వెళ్లి బండి ఆపాడు.

“టైర్లు మార్పించాను,” అన్నాడు.

ఆవిడ గొడుగు ఆయన చేతికిచ్చి, వంగి, వెనక టైరును బొటనవేలి గోరుతో నొక్కింది. తర్వాత ముందుకు వెళ్లి దాన్నీ నొక్కింది. ఆ పరీక్ష తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

“పట్టువే,” అంది.

“రెండూను.”

“మరి రోడ్డో?”

“వస్తే వస్తుంది.”

తాయారు కొంగు బొడ్లో దోపుకుని వెనక కూర్చుంది. ఎడమ చెయ్యి ఆయన భుజం మీద పడింది. ఉద్యోగం పర్మనెంటయిన రోజు కూడా దొరబాబుకు అంత సంతోషం కలగలేదు.

మొండితూము మలుపులో బురద అలాగే ఉంది. బండి దానిమీద చీర మీద ఇస్త్రీపెట్టె వెళ్లినట్టు వెళ్లింది. ఇన్నాళ్ల కబుర్లూ పేరుకుపోయి ఉన్నాయి కాబట్టి తాయారు మొదటినుంచీ ఎత్తుకుంది. ఇల్లు చేరేలోపు అవి పూర్తి కావని దొరబాబుకు అర్థమై, తిన్నగా వెళ్లవలసినవాడు సంతవీధి మీదుగా బండి తిప్పాడు.

“ఏవండీ, వెనకాల ఏదో వస్తోంది,” అంది తాయారు.

“రానీ. ఆ కోడలు పుట్టింటికి వెళ్లిందా మరి?”

“వెళ్లింది, వచ్చింది. రోడ్డొస్తోందండీ.”

“ఎంత?”

తాయారు వెనక్కి తిరిగి చూసింది. “చివర కనపడ్డం లేదు.”

ఇంటికి వచ్చి చూసుకుంటే చింతలలంక నుంచి రోడ్డు మొత్తం వచ్చేసింది. దాన్ని కాంట్రాక్టరు బుల్లబ్బాయి కిందటి నెలే కొత్తగా వేశాడు. పూతరేకంత పల్చగా, అంతే ఒద్దికగా ఉంది. మధ్యలో తెల్లగీత, రెండు స్పీడు బ్రేకర్లు, సంతవీధి దగ్గర కలిసిన రైల్వే గేటు అక్షరాలు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చివరన షేరు ఆటో కూడా ఉంది. “నేను ఇంజను స్టార్టు చెయ్యలేదండి. ఎలాగూ ఇటే రావాలి కదాని ఊరుకున్నాను,” అన్నాడు ఆటోవాడు. తాయారు ఆయనకు టీ ఇచ్చింది. తాగి, ఆటోను మట్టిదారిన తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంతవరకూ జరిగినదాంట్లో వింతేమీ లేదు. దొరబాబు చేసిన పొరపాటు ఆ తర్వాతది. ఊళ్లో ఇంకెవరైనా అయితే ఆ రోడ్డును వీధిలో వదిలేసి కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేవారు. దొరబాబును వాళ్ల నాయనమ్మ పెంచింది. పరిచిన చాప అవసరం తీరాక అలాగే వదిలేస్తే దరిద్రమనీ, చుట్టి గోడకు నిలబెట్టాలనీ ఆవిడ చిన్నప్పుడే చెవి మెలిపెట్టి నేర్పింది. పైగా వాన పెద్దదయ్యేట్టుంది. తాయారు ఆ కొసా ఆయన ఈ కొసా పట్టుకుని రోడ్డును శుభ్రంగా చుట్టారు. పెళ్లిపందిట్లో వేసే పెద్ద జంపఖానా అంత చుట్ట అయింది. బరువు పెద్దగా లేదు. తా దూర సందు లేదు మెడకో డోలన్నట్టు ఉన్నదే చిన్న పెరడు, అందులోనే గోడకు నిలబెట్టి, ధాన్యం మీద కప్పే బరకం తెచ్చి కప్పారు. కడుపునిండా కబుర్లు విన్న తృప్తితో దొరబాబు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు రోడ్ల శాఖ ఏఈ భాస్కరమూర్తి వచ్చాడు. వెంట బుల్లబ్బాయి ఉన్నాడు. రోడ్డు లేని దారిన నడిచి వచ్చారు కాబట్టి ఇద్దరి ప్యాంట్లూ మోకాళ్లదాకా ఒకే రంగులో ఉన్నాయి.

“రోడ్డు ఊడటం మామూలేనండి, దానికి మా దగ్గర పద్దుంది,” అన్నాడు ఏఈ కుర్చీలో కూర్చుని. “చుట్టిందెవరు?”

“మేమేనండి. తడిసిపోతుందని,” అంది తాయారు.

“రోడ్డున్నదే తడవడానికమ్మా. పడి ఉన్నంతవరకూ అది మా రోడ్డు. చుట్టి గోడకి నిలబెట్టాక అది సామాను. సామాను ఎవరింట్లో ఉంటే వాళ్లది.”

“పోనీ తీసుకెళ్లి మళ్లీ పరిచేస్తామండి,” అన్నాడు దొరబాబు.

“సొంత సామాను దారిలో పెడితే ఆక్రమణ కిందికి వస్తుంది.” ఏఈ చెడ్డవాడేమీ కాదు. దొరబాబు మొహం చూసి కాస్త ఆలోచించాడు. “పరిచి, పని కాగానే చుట్టేసుకుంటే ఫర్వాలేదండి. అది వాడకం. పరిచి వదిలేస్తేనే ఆక్రమణ.”

బుల్లబ్బాయికి ఈ మాటలేవీ చెవికెక్కడం లేదు. బరకం తీసి చుట్టను తడిమి చూస్తున్నాడు. సొంత బిడ్డకు ఫస్టు మార్కు వచ్చినట్టుంది ఆయన మొహం.

“చూశారా సార్. మూడు మైళ్ల రోడ్డు, ఎక్కడా చిరగలేదు. ఒక్క పగులు చూపించండి, మీసం తీసేత్తాను.”

ఏఈ లేచి వెళ్లి ఒక అంచును రెండువేళ్లతో ఎత్తి వెలుతురుకు పట్టుకున్నాడు. అవతల దండెం మీద ఆరేసిన తాయారు చీర అంచు డిజైనుతో సహా కనిపించింది.

“మందం తక్కువలా ఉందే?”

“రోడ్డు మందం భూమితో కలిపి చూడాలండి. ఇక్కడ కింద భూమి లేదు కదా, అందుకని పల్చగా కనపడతంది.”

ఏఈకి అది సబబుగానే తోచింది. నాణ్యత బాగుందని రాసుకుని, కొత్త రోడ్డు వచ్చేదాకా ఈ రోడ్డు దొరబాబు సంరక్షణలో ఉంటుందని చెప్పి, బుల్లబ్బాయితో కలిసి మళ్లీ బురదలోకి దిగాడు.

అది మొదలు చుట్టుపక్కలవాళ్లు షామియానాలూ గుండిగలూ ఎరువడిగినట్టు రోడ్డు అడగడానికి రాసాగారు. “దొరబాబు గారూ, మగపెళ్లివారు కారులో వత్తన్నారండి. రోడ్డు ఒక్క పూట ఇప్పించండి, చీకటి పడేలోగా తెచ్చిచ్చేత్తాం,” అనేవారు. దొరబాబు కాదనలేకపోయేవాడు. కొందరు పేడతో తెచ్చిచ్చేవారు. ఒకరు మడతలు పెట్టి తెచ్చారు, ఆ మడతలు ఎంతకీ పోలేదు. ఒకాయన స్పీడు బ్రేకరు ఒకటి తక్కువతో తెచ్చి, మాకిచ్చినప్పుడు ఒకటే ఉందన్నాడు. “ఇచ్చేటప్పుడు చూసుకోకపోవడం మాదే తప్పులెండి,” అంది తాయారు. ఆ తర్వాత వాళ్లింటికి మజ్జిగ తోడు కూడా పంపలేదు.

ఈ గొడవలో తాయారు వెనక సీటు ఎక్కే రోజే రాలేదు. రోడ్డు ఇంట్లో ఉంటే దారంతా బురద. దారిలో పరుద్దామనుకునేసరికి ఎవరో వచ్చి పట్టుకుపోయి ఉండేవారు. పట్టు టైర్లు రెండూ ఇంటి పందిట్లో నిలబెట్టిన బండికి ఉండి, కింద దొరికిన తాటాకు చాపనే పట్టుకుని ఉండేవి. తాయారు చెప్పులు చేత్తో పట్టుకుని గట్లమీద నడిచి వెళ్లేది. దొరబాబు మీటర్ల పనికి కూడా నడిచే వెళ్తున్నాడు. ఇద్దరివీ వేరే దారులు.

రోడ్ల శాఖకు మాత్రం ఈ పద్ధతి నచ్చింది. చుట్టిన రోడ్డుకు గోతులు పడవు, వరద రాదు, ఎవరూ దానిమీద బైఠాయించి ధర్నా చెయ్యరు. వానాకాలం అయిపోయేసరికి పంచాయతీ ఆఫీసు దగ్గర సభ పెట్టారు. ఏఈ భాస్కరమూర్తి లేచి, గొంతు సవరించుకుని, చాలా మామూలుగా మాట్లాడాడు.

“మంచినీళ్లు ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకుంటున్నాం. కరెంటు పోతే ఎవరి ఇన్వర్టరు వాళ్లకుంది. పిల్లలకి ఎవరి బడి వాళ్లు చూసుకుంటున్నాం. రోడ్డు ఒక్కటే అందరికీ కలిపి ఒకటి పెట్టుకుని బాధపడుతున్నాం.”

సభలో ఎవరూ నవ్వలేదు. నిజమే కదా, ఇన్నాళ్లూ మనకు తోచలేదేమిటా అని కొందరు సిగ్గుపడ్డారు కూడా. దారి చూపించినవాడని దొరబాబుకు శాలువా కప్పారు. ఆయన రోడ్డునే కత్తిరించి బండి ఉన్న ప్రతి ఇంటికీ మూడేసి ముక్కలు పంచారు. ఒకటి చక్రాల కింద పరుచుకోవాలి, ఒకటి చక్రాల ముందు, మూడోది చుట్టి వెనక సీటు మీద అదనంగా కట్టుకోవాలి. ఎవరి రోడ్డు వారిదే కాబట్టి పట్టు టైరు వేసుకోవడానికి ఇక ఎవరూ మొహమాటపడక్కర్లేదన్నారు.

దొరబాబు శాలువా సర్దుకుంటూ లేచి నిలబడ్డాడు. “వెనక సీటు మీద మనిషి కూర్చోకూడదాండి?” అని అడిగాడు.

“మనిషి వెనకాల కూర్చుంటే రోడ్డు పరిచేదెవరండీ?” అన్నాడు ఏఈ.

దొరబాబు ఆడవాళ్ల వరసలో ఉన్న తాయారు వైపు చూశాడు. ఆవిడ అప్పటికే తన మూడు ముక్కల్నీ ఎండకు పట్టి, చిరుగులేమైనా ఉన్నాయేమోనని చూసుకుంటోంది. స్పీడు బ్రేకరు ఉన్న ముక్క తమకే రావడం ఆవిడకు నచ్చలేదు.

ఇప్పుడు పెదవేములంకలో పొద్దుటిపూట చూడముచ్చటగా ఉంటుంది. ప్రతి మోటారు సైకిలు ముందూ ఒకరు, సాధారణంగా ఇంటి ఇల్లాలు, రోడ్డు పరుచుకుంటూ నడుస్తుంటారు. బండి కొత్త ముక్క మీదికి ఎక్కి ఆగుతుంది. ఆవిడ వెనక్కి వచ్చి పాత ముక్కను తీసుకుని మళ్లీ ముందుకు వెళ్తుంది. దొరబాబు బండికి పట్టు టైర్లు కదా, పెనానికి అట్టు అంటుకున్నట్టు ముక్క అంటుకుపోతుంది. తాయారు బొటనవేలి గోరుతో ఒడుపుగా లేపుతుంది. అంగన్‌వాడీ పిల్లలు మధ్యాహ్నానికల్లా టీచరమ్మ వస్తుందని తెలుసుకుని, అప్పటిదాకా వాళ్లలో వాళ్లే పాఠం చెప్పుకుంటున్నారు.

కబుర్లు మానలేదు. నడుస్తూనే చెబుతుంది. కాకపోతే ముక్క తియ్యడానికి వెనక్కి వచ్చినప్పుడు చెప్పేవే దొరబాబుకు వినిపిస్తాయి, ముందుకెళ్లాక చెప్పేవి గాలికి పోతాయి. కనకం గారు కొత్త గేదెను కొన్నారని విన్నాడు. ఆ తర్వాత “పాపం, ఆసుపత్రిలో చేర్చారు” అన్నది విన్నాడు. గేదెనో కనకం గారినో తెలియలేదు. మీటరు దగ్గరికి వెళ్లినప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నాడు.

ఏడాది తిరిగాక గౌస్ టైర్లు చూశాడు. కొత్త టైరుకు ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా రాలలేదు.

“పట్టూ ఉంది, మన్నికా ఉంది. నా సర్వీసులో ఇలాటిది చూళ్లేదండి,” అన్నాడు. “జీవితకాలం వత్తాయి. మంచి సెలక్షను చేశారు.”

కిందటి వారం రోడ్డు పన్నుకు ఆఖరు గడువని చాటింపు వేస్తే, ఇద్దరూ వెళ్లి కట్టేసి వచ్చారు. పన్ను ఆఫీసుదాకా రోడ్డు తాయారే పరిచింది. తిరిగి వచ్చేటప్పుడు మొండితూము మలుపు దగ్గర ఆవిడ నడుం పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది.

“అలిసిపోయావా?” అన్నాడు దొరబాబు బండి మీంచే.

“పడతామన్న భయం లేదు కదండీ,” అంది తాయారు, తర్వాతి ముక్క విదిలించి పరుస్తూ.

బండి ఆ ముక్క మీదికి ఎక్కి, మలుపులో కాస్త వాలింది. ఆ వాలుకు వెనక సీటు మీది రోడ్డు చుట్ట ముందుకు ఒరిగి ఆయన ఎడమ భుజానికి ఆనుకుంది. అక్కడ రోజూ అలాగే ఆనుకుంటుంది. మొదట్లో దొరబాబు దాన్ని మోచేత్తో వెనక్కి తోసేసేవాడు. ఇప్పుడు ఉండనిస్తున్నాడు.